ఇనప చొక్కా దొంగ: నెడ్ కెల్లీ, అతని తుపాకులు, ఒక విచిత్రమైన చట్టం

మా పెద్దమ్మ కూతురు మెల్‌బోర్న్‌లో మాస్టర్స్ చేస్తోంది. అక్కడ చలికాలంలో రూమ్‌లో హీటర్ వేస్తే కరెంటు బిల్లు తట్టుకోలేమని, సాయంత్రాలు స్టేట్ లైబ్రరీలో కూర్చుని అసైన్‌మెంట్లు రాసుకుంటుంది. మొన్న జూన్‌లో అక్కడినుంచి నాకు వాట్సాప్‌లో ఒక ఫోటో పంపింది. గాజు పెట్టెలో తుప్పు రంగు ఇనప రేకులు. పైన ఒక డబ్బా, దానికి పోస్టు డబ్బాకి ఉన్నట్టు సన్నగా ఒక అడ్డ చీలిక.

"ఇదేంటో చెప్పుకో చూద్దాం" అంది.

"పాత బాయిలరా అక్కా?" అన్నా.

"బాయిలర్ కాదురా, ఒక దొంగ వేసుకున్న చొక్కా."

అప్పటికి మాకు సెమ్ ఎగ్జామ్స్ ఇంకా 9 రోజులు. డేటా స్ట్రక్చర్స్ చదవాల్సిన నేను 3 రోజులు ఈ దొంగ వెనకాల పడ్డా. మా హాస్టల్‌లో సగం మంది రెడ్ డెడ్ రిడెంప్షన్ ఆడి గుర్రాలు, తుపాకులు, దొంగల ముఠాలు మీద పీహెచ్‌డీ చేసినట్టు మాట్లాడతారు, నాతో సహా. కానీ ఆ గేమ్‌లో తుపాకీకి బరువుండదు, ఇనప చొక్కాకి అసలే ఉండదు. నిజంగా జరిగిన కథలో మాత్రం అంతా బరువే. అందుకే ఇది రాస్తున్నా. (నా ఒత్తులు సరిచేసిన ఎడిటర్ అక్కకి ముందే థాంక్స్.)

దొంగ పేరు నెడ్ కెల్లీ. ఊరు ఆస్ట్రేలియాలోని విక్టోరియా, అప్పట్లో బ్రిటిష్ వలస. వాళ్ళ నాన్న ఐర్లండ్‌లో 2 పందులు దొంగిలించాడని 1841లో ఓడెక్కించి ఆస్ట్రేలియా పక్కనున్న దీవికి తోలేశారు. మనవాళ్ళని అండమాన్‌కి పంపినట్టు. శిక్ష అయ్యాక ఆయన విక్టోరియా వచ్చి పెళ్ళి చేసుకున్నాడు, పిల్లలు పుట్టారు, నెడ్ ఇంకా చిన్నపిల్లాడిగా ఉండగానే 1866లో చనిపోయాడు. తల్లి ఎలెన్ పిల్లలతో ఒక చిన్న చెక్క ఇంట్లో, కొద్దిపాటి భూమి మీద బతుకు లాగింది.

ఆ భూమి సంగతి తెలియకపోతే మిగతా కథ అర్థం కాదు. విక్టోరియాలో మంచి భూములన్నీ మొదటే గొర్రెల మందలున్న పెద్ద ఆసాముల చేతిలో పడ్డాయి. వాళ్ళని స్క్వాటర్లు అంటారు. 1860ల్లో ప్రభుత్వం చట్టాలు తెచ్చి, చిన్న రైతులు కూడా కొంత భూమి ఎంచుకుని, కంచె వేసి, సాగు చేసి, వాయిదాల్లో డబ్బు కట్టి సొంతం చేసుకోవచ్చంది. కాగితం మీద బాగానే ఉంది. జరిగిందేంటంటే, ఆసాములు బినామీ పేర్లతో నీళ్ళున్న భూములు మళ్ళీ వాళ్ళే రాయించుకున్నారు. చిన్న రైతుకి రాళ్ళూ, పొదలూ మిగిలాయి. అతని ఆవో, గుర్రమో దారి తప్పి ఆసామి పొలంలోకి వెళ్తే బందెలదొడ్డిలో పెట్టేసేవాళ్ళు, జరిమానా కడితే గానీ వదలరు. నెడ్ తర్వాత రాసిన ఉత్తరంలో ఈ బందెలదొడ్డి మీద కోపం గట్టిగా ఉంటుంది. మా తాతగారి ఊళ్ళో కూడా బందెలదొడ్డి ఉండేదట, దాని గురించి మాట్లాడితే ఆయన గొంతు ఇప్పటికీ మారిపోతుంది. కాబట్టి ఆ కోపం నాకు కొత్తగా అనిపించలేదు.

ఇలాంటి చోట గుర్రాల దొంగతనం దాదాపు ఒక సైడ్ బిజినెస్. నెడ్ అందులో ఉన్నాడు, అది అతనే దాచలేదు. 1871లో దొంగ గుర్రం తన దగ్గర దొరికిందని 3 ఏళ్ళు కఠిన శిక్ష పడింది. అప్పటికి అతనికి 16 ఏళ్ళు. ఆ గుర్రాన్ని అసలు తోలుకొచ్చినవాడికి పడింది 18 నెలలు.

అసలు గొడవ 1878 ఏప్రిల్‌లో మొదలైంది. ఫిట్జ్‌పాట్రిక్ అనే కానిస్టేబుల్, నెడ్ తమ్ముడు డాన్‌ని అరెస్టు చేస్తానని వాళ్ళింటికి ఒక్కడే వెళ్ళాడు. తిరిగొచ్చి, నెడ్ నా మణికట్టు మీద కాల్చాడు అన్నాడు. కెల్లీలు, మాకేం తెలీదు, నెడ్ ఆ రోజు ఇంట్లోనే లేడు అన్నారు. ఈ ఫిట్జ్‌పాట్రిక్‌ని 2 ఏళ్ళ తర్వాత ప్రవర్తన బాగాలేదని పోలీసు శాఖే ఉద్యోగంలోంచి తీసేసింది. కానీ ఆ రోజు మాత్రం అతని మాటే చెల్లింది. అన్నదమ్ములు కొండల్లోకి పారిపోతే, తల్లి ఎలెన్‌కి హత్యాయత్నంలో భాగం అని 3 ఏళ్ళు జైలు వేశారు. చంకలో పసిబిడ్డ. శిక్ష వేసిన జడ్జి పేరు రెడ్మండ్ బారీ. ఈ పేరు గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

ఇక తుపాకులు. 1878 అక్టోబర్‌లో సార్జంట్ కెనెడీ, ఇంకో ముగ్గురు కానిస్టేబుళ్ళు, లోనిగన్, స్కాన్లన్, మెకింటైర్, మామూలు బట్టల్లో కొండల్లోకి వెళ్ళి స్ట్రింగీబార్క్ క్రీక్ అనే వాగు దగ్గర గుడారం వేశారు. వాళ్ళ దగ్గర రివాల్వర్లతో పాటు ఒక డబుల్ బ్యారెల్ షాట్‌గన్, ఒక స్పెన్సర్ రైఫిల్ ఉన్నాయి. స్పెన్సర్ అంటే అమెరికా అంతర్యుద్ధంలో పేరు తెచ్చుకున్న రిపీటర్. బట్‌లో ఉన్న గొట్టంలో 7 తూటాలు ఒకదాని వెనక ఒకటి కూర్చుంటాయి, లీవర్ లాగితే తర్వాతది పైకొస్తుంది. సింపుల్‌గా క్యూ. మొదట దూరింది మొదట బయటికి. కొండల్లో నెడ్, డాన్, వాళ్ళ స్నేహితులు జో బైర్న్, స్టీవ్ హార్ట్ ఉన్నారు. నలుగురి దగ్గర కలిపి చెప్పుకోదగ్గ తుపాకులు రెండే, అవీ పాతవి.

అక్టోబర్ 26 సాయంత్రం ఈ నలుగురు గుడారం మీద పడ్డారు. లొంగిపొమ్మన్నారు. లోనిగన్ రివాల్వర్ తీయబోతే నెడ్ కాల్చాడు, అక్కడే చనిపోయాడు. మెకింటైర్ చేతులెత్తేశాడు. కాసేపటికి గస్తీ నుంచి కెనెడీ, స్కాన్లన్ తిరిగొచ్చారు. వాళ్ళిద్దరూ కూడా చనిపోయారు. మెకింటైర్ ఆ గందరగోళంలో కెనెడీ గుర్రమెక్కి పారిపోయి, రాత్రంతా వాంబాట్ అనే జంతువు తవ్వుకున్న బొరియలో దాక్కుని బతికాడు. ముఠా పోలీసుల తుపాకులన్నీ తీసుకుపోయింది. 2 పాత తుపాకులతో వచ్చినవాళ్ళు స్పెన్సర్, షాట్‌గన్, రివాల్వర్లతో వెళ్ళారు.

నెడ్ దీన్ని ఆత్మరక్షణ అన్నాడు. వాళ్ళు మమ్మల్ని చంపడానికే మారువేషంలో వచ్చారు అన్నాడు. నేను రెండు వైపులా చదివాను. లోనిగన్ దగ్గర ఆ వాదన కొంచెం నిలబడుతుందేమో. కానీ కెనెడీ గాయపడి చెట్ల మధ్య వెనక్కి జరుగుతుంటే వెంబడించి కాల్చారు, కింద పడ్డాక మళ్ళీ గుండెకి ఆనించి కాల్చారు. అది బాధ తీర్చడానికే అన్నాడు నెడ్. ఇక్కడ నాకు నెడ్ మాట నమ్మబుద్ధి కాలేదు. మాన్స్‌ఫీల్డ్ అనే ఊళ్ళో ఆ ముగ్గురు పోలీసులకి కట్టిన స్మారకం ఇప్పటికీ ఉంది. సినిమాలు తీసేటప్పుడు దానివైపు కెమెరా పెద్దగా తిరగదు.

ఇప్పుడు నన్ను డేటా స్ట్రక్చర్స్‌కి దూరం చేసిన అసలు విషయం. 'అవుట్‌లా' అనే మాటకి నేను ఇన్నాళ్ళూ గజదొంగ, బందిపోటు అని అర్థం అనుకున్నా. కాదట. అది నేరం పేరు కాదు, ఒక లీగల్ స్టేటస్. పాత ఇంగ్లండ్‌లో కోర్టు పిలిచినా రానివాణ్ణి చట్టానికి బయట పెట్టేసేవాళ్ళు. చట్టం వాణ్ణి శిక్షించడం ఒక్కటే కాదు, వాణ్ణి కాపాడటం కూడా మానేస్తుంది. 19వ శతాబ్దానికి ఇంగ్లండ్‌లో ఎవరూ వాడని ఆ పాత పద్ధతిని ఆస్ట్రేలియా వలసలు దుమ్ము దులిపి బయటికి తీశాయి. మొదట న్యూ సౌత్ వేల్స్ 1865లో, బెన్ హాల్ అనే దొంగ కోసం. తర్వాత స్ట్రింగీబార్క్ క్రీక్ జరిగిన వారం తిరక్కుండానే విక్టోరియా పార్లమెంటు అలాంటి చట్టమే పాస్ చేసింది. నెడ్, డాన్‌లతో పాటు మిగతా ఇద్దరూ తేదీలోగా లొంగిపోవాలి. లేదంటే ఎవరైనా, పోలీసైనా కూలివాడైనా, హెచ్చరిక లేకుండా, విచారణ లేకుండా కాల్చేయొచ్చు. కాల్చినవాడి మీద కేసుండదు.

మన భాషలో చెప్పాలంటే ఇది యూజర్ అకౌంట్‌ని బ్యాన్ చేయడం కాదు. ఆ నాలుగు అకౌంట్లని డిలీట్ చేసే అడ్మిన్ రైట్స్ ఊరందరికీ ఇచ్చేయడం. పైగా రివార్డు కూడా. విక్టోరియా, న్యూ సౌత్ వేల్స్ కలిపి తలకి 2000 పౌండ్లు, మొత్తం 8000. ఆ రోజుల్లో అది ఒక మామూలు కూలివాడు జన్మలో చూడని డబ్బు.

అయినా దాదాపు 20 నెలలు ఎవరూ పట్టివ్వలేదు. నాకు ఇదే అన్నిటికంటే ఆశ్చర్యం. అందరికీ అడ్మిన్ రైట్స్ ఇచ్చినా ఎవరూ వాడలేదు. ఎందుకని చూస్తే, అదే చట్టంలో ఇంకో క్లాజ్ ఉంది. దొంగలకి అన్నం పెట్టినా, కబురు చెప్పినా, పోలీసులకి అబద్ధం చెప్పినా జైలు. దాన్ని పట్టుకుని 1879 జనవరిలో పోలీసులు కెల్లీల చుట్టాలు, స్నేహితులు అనుకున్న 20 మందికి పైగా జనాన్ని లోపలేశారు. సాక్ష్యం లేదు. వారం వారం కోర్టుకి తేవడం, వాయిదా వేయడం, మళ్ళీ జైలు. కొందరిని అలా 3 నెలలు పైన ఉంచారు. అది సరిగ్గా కోతల కాలం. పంట పొలంలో ఎండిపోతుంటే మగవాళ్ళు జైల్లో. చివరికి ఏం రుజువు చేయలేక వదిలేశారు. ఆ ఇళ్ళల్లో నెడ్ గురించి అంతకుముందు ఏ అభిప్రాయం ఉన్నా, ఆ తర్వాత మాత్రం ఒకటే ఉండుంటుంది.

ఈ మధ్యలో 2 బ్యాంకులు దోచారు. యూరోవాలో ఒకటి, జెరిల్డరీలో ఒకటి, రెండూ కలిపి 4000 పౌండ్లకి పైనే. జెరిల్డరీలో అయితే పోలీసులని వాళ్ళ సెల్‌లోనే పెట్టి తాళమేసి, వాళ్ళ యూనిఫామ్‌లు తొడుక్కుని ఊళ్ళో తిరిగారు. మన సినిమాల్లో ఇంటర్వెల్ ముందు పెట్టే సీన్. బ్యాంకులో జనం అప్పు కాగితాలు కొన్ని తగలబెట్టారు. అక్కడే నెడ్ చెబుతుంటే జో బైర్న్ రాసిన 56 పేజీల ఉత్తరాన్ని బ్యాంకు ఉద్యోగి చేతికిచ్చి అచ్చు వేయించమన్నారు. సుమారు 8 వేల మాటలు, ఫుల్‌స్టాపులు దాదాపు లేవు. బూతులు, బెదిరింపులు, ఐర్లండ్ చరిత్ర, బందెలదొడ్డి, పోలీసుల మీద తిట్ల దండకం. అచ్చు కాలేదు. 1930లో గానీ పూర్తిగా జనం చదవలేదు. అది కూడా ఇప్పుడు అక్క కూర్చునే లైబ్రరీ వాళ్ళ దగ్గరే ఉంది.

ఇక ఇనప చొక్కా.

1879-80 నాటికి పోలీసులకి మార్టినీ-హెన్రీ రైఫిళ్ళు వచ్చాయి. క్వీన్స్‌లాండ్ నుంచి అడుగుజాడలు పట్టే ఆదివాసీ ట్రాకర్లని దించారు, వాళ్ళ దగ్గర స్నైడర్లు. ఈ స్నైడర్ మనకి కొంచెం చుట్టం. 1857లో కొవ్వు పూసిన తూటాలని పళ్ళతో కొరకమన్నారని మన సిపాయిలు తిరగబడ్డ ఎన్‌ఫీల్డ్ తుపాకీ ఉంది కదా, దాన్నే తర్వాత కోసి, వెనక వైపు నుంచి తూటా పెట్టేలా మార్చిందే స్నైడర్. ఎన్‌ఫీల్డ్‌లో గొట్టం ముందు నుంచి మందు పోసి, గుండు దించి, కడ్డీతో దట్టించాలి, నిమిషానికి 3 సార్లు కాలిస్తే గొప్ప. మార్టినీలో ట్రిగ్గర్ కింద లీవర్ ఉంటుంది. కిందకి లాగితే లోపల దిమ్మ పడి ఖాళీ తూటా బయటికి వస్తుంది, కొత్తది పెట్టి లీవర్ పైకి అంటే రెడీ. తర్ఫీదు ఉన్నవాడు నిమిషానికి 10, 12 కాల్చగలడు.

దాని గుండు బరువు 31 గ్రాములు, వేగం సెకనుకి 400 మీటర్ల చిల్లర. ఎనర్జీ లెక్కేస్తే 2500 జౌల్స్. 50 కేజీల సిమెంటు బస్తా 5 మీటర్ల ఎత్తు నుంచి పడితే ఎంతో అంత, కానీ అదంతా మీ బొటనవేలు గోరంత చోట. దీనికి ఎదురు నిలబడటానికి నెడ్ ముఠా కనిపెట్టిన ఉపాయం నాగలి. ఇనప నాగలికి మట్టిని పక్కకి తిరగేసే వంపు రెక్క ఉంటుంది చూడండి, ఆ రెక్కలు పోగేశారు. కొన్ని రైతులు ఇచ్చినవి, కొన్ని ఎత్తుకొచ్చినవి. వాటిని కొలిమిలో కాల్చి, సాగగొట్టి, మేకులతో కలిపి 4 సూట్లు చేశారు. రేకు మందం 6 మిల్లీమీటర్లు. నెడ్‌ది మొత్తం 44 కేజీలు. అంటే గ్యాస్ సిలిండర్ ఫుల్‌ది ఒకటిన్నర, ఒంటి మీద.

ఎవరు చేశారన్నది చాలా ఏళ్ళు గొడవ. పనితెలిసిన కమ్మరులు చేశారని కొందరు, అడవిలో దొంగలే చేసుకున్నారని కొందరు. 2003లో జో బైర్న్ సూటుని సిడ్నీ దగ్గరున్న న్యూక్లియర్ రియాక్టర్‌కి తీసుకెళ్ళారు. కోసి చూడకుండా న్యూట్రాన్లతో లోహం లోపలి నిర్మాణం చదవొచ్చు, ఇనుము ఎంత వేడికి గురైందో అది చెప్పేస్తుంది. 750 డిగ్రీల దాకానే కాగిందని తేలింది, అదీ అన్ని చోట్లా సమానంగా కాదు. కమ్మరి కొలిమైతే 1000 దాటి ఉండాలి. సో, అడవిలో కట్టెల పొయ్యి మీద చేసిన పనే అన్నమాట. మెటలర్జీ వాళ్ళకి సినిమా తీసే ఛాన్స్ వస్తే ఇది తీయండి.

1880 జూన్ 26న ప్లాన్ మొదలైంది. ఆరన్ షెరిట్ అని ఒకప్పటి స్నేహితుడు పోలీసులకి సమాచారం ఇస్తున్నాడని, జో బైర్న్ అతని గుమ్మంలోనే కాల్చి చంపాడు. లోపల షెరిట్‌కి కాపలాగా నలుగురు పోలీసులు ఉన్నారు. ఈ వార్త వినగానే మెల్‌బోర్న్ నుంచి పోలీసులతో స్పెషల్ ట్రైన్ బయల్దేరుతుంది, గ్లెన్‌రోవన్ ఊరు దాటాక పట్టాలు పీకేస్తే ట్రైన్ లోయలో పడుతుంది. అదీ ప్లాన్. నెడ్‌ని మా రాబిన్‌హుడ్ అనేవాళ్ళు ఈ వాక్యాన్ని రెండోసారి చదవండి. ట్రైన్ మొత్తం. చివరికి ఆ రైల్లో పోలీసులతో పాటు విలేకరులు, ట్రాకర్ల ఆఫీసరు భార్య, ఆమె చెల్లెలు కూడా ఎక్కారు.

ప్లాన్ ఫెయిలైంది టైమింగ్ వల్ల. షెరిట్ ఇంట్లో ఉన్న నలుగురు పోలీసులు భయంతో తెల్లారేదాకా బయటికి రాలేదు. దాంతో వార్త లేటు, ట్రైన్ లేటు. శనివారం రాత్రి చంపితే ట్రైన్ వచ్చింది సోమవారం తెల్లవారుజామున 3 గంటలకి. అప్పటిదాకా ముఠా గ్లెన్‌రోవన్‌లో ఆన్ జోన్స్ అనే ఆవిడ పూటకూళ్ళ హోటల్లో 60 మందిని బందీలుగా పెట్టుకుని కూర్చుంది. టైమ్ పాస్‌కి డాన్స్, తాగుడు, దూకుడు పందేలు. ఆ ఖాళీలో థామస్ కర్నో అనే స్కూల్ టీచరు నెడ్‌ని మాటల్లో పెట్టి, మా ఆవిడకి ఒంట్లో బాలేదు ఇంటికెళ్తా అని అడిగి బయటపడ్డాడు. ఎర్ర స్కార్ఫ్ వెనక కొవ్వొత్తి పట్టుకుని పట్టాల మీద నిలబడి ట్రైన్ ఆపేశాడు. నా దృష్టిలో ఈ కథలో తుపాకీ పట్టుకోకుండా ధైర్యం చూపించినవాడు ఈయనొక్కడే. ఆయనకి సినిమా లేదు.

కాల్పులు మొదలయ్యాయి. ఇక్కడ చొక్కా డిజైన్‌లో ఉన్న బగ్స్ ఒక్కొక్కటే బయటపడ్డాయి. ఛాతీకి, వీపుకి, తలకి రేకుంది. చేతులకి, కాళ్ళకి లేదు. మొదటి విడతలోనే నెడ్‌కి పాదంలో, ఎడమ చేతిలో గుళ్ళు దిగాయి. రైఫిల్‌తో గురి చూడాలంటే బట్ భుజానికి ఆనించి, చెంప బట్‌కి ఆనించి, కన్ను గొట్టం వెంట పెట్టాలి. తల మీద డబ్బా ఉంటే చెంప ఆనదు, భుజం మీద రేకుంటే బట్ నిలవదు, ఆ చీలికలోంచి కనిపించేది సన్నటి పట్టీ. అంటే చొక్కా వేసుకున్న క్షణమే చేతిలో ఉన్న రైఫిల్ కర్రతో సమానం. మిగిలింది రివాల్వర్. నెడ్ దగ్గరున్న పాత కోల్ట్ రకంలో ఒక్కో అరలో మందు, గుండు, క్యాప్ విడివిడిగా పెట్టాలి. 6 సార్లు గబగబా కాల్చొచ్చు, ఆ తర్వాత ఒంటి చేత్తో, చీకట్లో, నెత్తురు కారుతుంటే మళ్ళీ నింపుకోవడం అసాధ్యం. రక్షణ మొత్తం పెంచి దాడి మొత్తం పోగొట్టుకున్నారు.

జో బైర్న్ తెల్లవారుజామున బార్ దగ్గర నిలబడి విస్కీ తాగుతుండగా రేకు లేని చోట, గజ్జల్లో గుండు తగిలి చనిపోయాడు. పోలీసులు లోపల బందీలున్నారని తెలిసి కూడా చెక్క గోడల్లోంచి కాలుస్తూనే ఉన్నారు. హోటల్ ఆవిడ కొడుకు, 13 ఏళ్ళ జాన్ జోన్స్, ఆ గుళ్ళకే పోయాడు. మార్టిన్ చెర్రీ అనే ముసలాయనా అంతే. వాళ్ళిద్దరూ ఏ వైపూ కాదు.

నెడ్ అప్పటికే చీకట్లో తప్పించుకుని పొదల్లోకి చేరాడు. అలాగే పోవచ్చు. పోలేదు. తెల్లవారి మంచులో, పోలీసుల వెనక నుంచి, పైన పొడవాటి కోటుతో నడుచుకుంటూ వచ్చాడు. దెయ్యమే అనుకున్నారు కొందరు. మార్టినీలతో కాలుస్తుంటే గుళ్ళు రేకుకి తగిలి ఠంగుమంటున్నాయి, తూలుతున్నాడు, పడట్లేదు. మన సినిమాల్లో ఒక్క దెబ్బకి మనిషి గాల్లో తేలతాడు కదా, ఇది ఎందుకు జరగలేదో లెక్క చూడండి. 31 గ్రాములు, 400 మీటర్ల వేగం, మొమెంటం 12. మనిషీ చొక్కా కలిపి 120 కేజీలు అనుకున్నా, వచ్చే తోపు సెకనుకి 10 సెంటీమీటర్లు. బస్సులో పక్కవాడు భుజం తగిలించినంత. ఎనర్జీ అంతా రేకుని సొట్ట పెట్టడానికి ఖర్చయిపోయింది. ఆ సొట్టలు ఇప్పటికీ కనిపిస్తాయి, అక్క ఫోటోలో జూమ్ చేసి నేనూ చూశాను. చివరికి సార్జంట్ స్టీల్‌కి వెలిగింది, కాళ్ళకి రేకు లేదని. షాట్‌గన్‌తో కాళ్ళ మీద కాల్చాడు. 44 కేజీలు కింద కూలాయి.

లోపలింకా డాన్, స్టీవ్ హార్ట్ మిగిలారు. మెల్‌బోర్న్ నుంచి ఫిరంగి కూడా బయల్దేరింది, ఇద్దరు కుర్రాళ్ళ కోసం. అది దారిలో ఉండగానే పోలీసులు హోటల్‌కి నిప్పంటించారు. ఇద్దరూ అప్పటికే చనిపోయి ఉన్నారు.

నెడ్ చొక్కా విప్పితే లోపల ఒక ఆకుపచ్చ పట్టు నడికట్టు ఉంది. చిన్నప్పుడు వాగులో కొట్టుకుపోతున్న ఒక పిల్లాణ్ణి కాపాడితే ఆ పిల్లాడి తల్లిదండ్రులు బహుమతిగా ఇచ్చింది. బెనాల్లా మ్యూజియంలో నెత్తుటి మరకలతో అలాగే ఉంది. ఇంకో సంగతి. ఆ అవుట్‌లా చట్టం గడువు, పార్లమెంటు రద్దవడంతో, సరిగ్గా ఆ జూన్ చివర్లోనే, ఈ కాల్పులకి కాస్త ముందే అయిపోయింది. అంటే గ్లెన్‌రోవన్‌లో నిలబడిన నెడ్ టెక్నికల్‌గా అవుట్‌లా కాదు, మామూలు నిందితుడు. అది ఆ రోజు అక్కడ ఎవరికీ పట్టలేదు.

లోనిగన్ హత్య కేసు 2 రోజుల్లో తేల్చేశారు. 30 వేల మందికి పైగా ఉరి వద్దని సంతకాలు పెట్టారు. 1880 నవంబర్ 11న మెల్‌బోర్న్ జైల్లో ఉరి తీశారు. పాతికేళ్ళు. అదే జైల్లో తల్లి ఇంకా తన 3 ఏళ్ళ శిక్షలో ఉంది. మరుసటి ఏడాది వేసిన రాయల్ కమిషన్ పోలీసు ఆఫీసర్లని బాగానే తలంటింది, కొందరిని ఇంటికి పంపింది. 1906లో అతని మీద తీసిన సినిమా ప్రపంచంలోనే మొదటి ఫుల్ లెంగ్త్ ఫీచర్ ఫిల్మ్. 2000 సిడ్నీ ఒలింపిక్స్ ఓపెనింగ్‌లో ఆ పోస్టు డబ్బా తలకాయలు డాన్స్ చేశాయి.

ఇదంతా రూమ్‌లో చెబితే మా రూమ్మేట్, "అంటే వాళ్ళ అల్లూరి అన్నమాట మామా" అన్నాడు. రాత్రి ఒంటిగంట దాకా గొడవ. వాడి పాయింట్ పూర్తిగా తప్పు కాదు. స్ట్రింగీబార్క్ జరిగిన అదే 1878లో మన దగ్గర లిట్టన్ ఆయుధాల చట్టం తెచ్చాడు. లైసెన్స్ లేకుండా మనవాళ్ళ దగ్గర తుపాకీ ఉండకూడదు, తెల్లవాళ్ళకి మాత్రం మినహాయింపు. అందుకే 1922 ఆగస్టులో అల్లూరి సీతారామరాజు తుపాకుల కోసం పోలీస్ స్టేషన్లకే వెళ్ళాల్సి వచ్చింది. చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి, వరసగా 3 రోజులు, 26 తుపాకులు, 2500కి పైగా తూటాలు. ఏం తీసుకున్నాడో రిజిస్టర్‌లో రాసి సంతకం పెట్టాడు. తర్వాత దామనపల్లి ఘాట్‌లో ఇద్దరు బ్రిటిష్ ఆఫీసర్లు చనిపోయారు, అది యుద్ధం. కానీ ఆయన వెనక పోడు పోయిన మన్యం మొత్తం ఉంది, ఏం కావాలో స్పష్టంగా ఉంది. నెడ్‌కి కోపం ఉంది, ఆ కోపానికి కారణం కూడా ఉంది, కానీ ఆ కోపం చివరికి చేరింది ఒక ట్రైన్‌ని లోయలో పడేయడం దగ్గరికి. నేనిలా అంటే మావాడు, "ఆ చట్టమే లేకపోతే అక్కడిదాకా వెళ్ళేవాడా?" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు, నిద్రొస్తోందని లైటార్పేశా.

ఇక రెడ్మండ్ బారీ. తల్లికి 3 ఏళ్ళు వేసిన ఆయనే కొడుక్కీ ఉరిశిక్ష వేశాడు. నెడ్‌ని ఉరి తీసిన 12 రోజులకి ఆయన జబ్బు చేసి చనిపోయాడు. ఆ ఊళ్ళో ఆయన పేరు ఇంకో పనికి ఎక్కువ తెలుసు. బీదవాడైనా వచ్చి ఉచితంగా చదువుకోవాలని మెల్‌బోర్న్‌లో పబ్లిక్ లైబ్రరీ పెట్టించింది ఆయనే. అదే ఇప్పటి స్టేట్ లైబ్రరీ.

ఇది చెబుతూ అక్కకి వాయిస్ మెసేజ్ పెట్టా. మర్నాడు ఇంకో ఫోటో వచ్చింది. లైబ్రరీ మెట్ల ముందు ఒక పెద్ద కంచు విగ్రహం. కింద ఒక లైన్: "రోజూ ఈయన పక్కనే కూర్చుని పులిహోర తింటున్నానురా, ఎవరో ఇప్పటిదాకా చూడలేదు."